మొదటి పద్దు



ఈ తూరి పోస్టు టమోటా రేటు గురించి కాదు, తోతాపురి గురించి అంతకన్నా కాదు. పాత లాప్‌టాప్‌లో నాలుగు రాత్రులు కూర్చొని, ఒట్టి నేల మీద లైనక్స్‌ను చేత్తో పేర్చిన సంగతి. మధ్యలో మా బోరు లెక్క కూడా వస్తాది. రెండూ వేరే వేరే అనుకొని మొదలుపెట్టినా, కానీ మూడో రాత్రికి అవి రెండూ ఒకటే అని తెలిసింది. పొడుగు పోస్టు, ఆవులకు మేత వేసి తీరిగ్గా చదవండి.

ముందు లాప్‌టాప్ కథ. అది మాది కాదు. గుడియాత్తంలో ఉండే మా బావమరిది కూతురుది. తమిళనాడు గవర్నమెంటు 2011 నుంచి చదివే పిల్లకాయలకు ఉచితంగా లాప్‌టాప్‌లు ఇచ్చింది గదా, ఆ పాపకు కూడా కాలేజీలో ఒకటి వచ్చింది. అందులో విండోస్ ఒక పక్క, బాస్ అనే లైనక్స్ ఒక పక్క ఉండేవి. బాస్ అంటే మన దేశంలోనే, చెన్నైలోని సీడాక్ వాళ్ళు చేసింది. దానికి అడుగు రాయి డెబియన్. డెబియన్ 1993లో ఇయాన్ మర్‌డాక్ అనే ఆయన మొదలుపెట్టింది. తన ప్రేయసి డెబ్రా పేరు, తన పేరు కలిపి ఆ పేరు పెట్టినాడంట. ప్రపంచమంతా ఉండే వాలంటీర్లు దాన్ని నడపతా ఉండారు. దుడ్డు కట్టే పని లేదు.

ఆ పాప ఉద్యోగానికి పోయి కొత్తది కొనుక్కొన్నాక పాతది మా ఇంటికి వచ్చింది. బెంగళూరులో ఉండే మా పాప బాస్ తీసేసి అసలు డెబియనే పెట్టిచ్చింది. నేను ఇంటర్ చదివినోణ్ణి, టైపు కొట్టడం చిన్నప్పుడే పలమనేరులో నేర్చుకొన్నా. అందులో ఎరువుల లెక్క, పాల లెక్క, అన్నిటికన్నా ముఖ్యంగా మా బోరు లెక్క రాసుకొంటా వచ్చినా.

బోరు నలుగురిది. నాది ఒక వాటా, మా అన్నది ఒక వాటా, మా చిన్నాయన కొడుకులు ఇద్దరివీ చెరొక వాటా. కరెంటుకు బిల్లు లేదు గాని మోటరు కాలితే వైండింగు, పైపులు పీకితే కూలి, కేబులు, స్టార్టరు, ఇవన్నీ నాలుగు భాగాలు. లెక్క రాసేది నేనే. మా అన్న 2021లో పోయినాడు. ఇప్పుడు ఆ వాటా ఆయన కొడుకుది. వాడు తన రెండెకరాలు, దాంతో పాటు బోరు వాటా అమ్మాలని చూస్తా ఉండాడు. కొనేవాళ్ళు లెక్క అడిగినారంట. "చిన్నాయనా, బోరు లెక్క మొదటి నుంచి ఒకసారి చూపిస్తావా" అని మర్యాదగానే అడిగినాడు. ఆదివారం చూపిస్తాలేరా అన్నా.

శుక్రవారం సాయంత్రం లాప్‌టాప్‌లో అప్‌డేట్ పెట్టి పాలు పిండేకి పోయినా. దాని బ్యాటరీ చచ్చి చానా ఏండ్లయింది, ప్లగ్గు పెడితేనే బతుకుతాది. సగంలో కరెంటు పోయింది. తిరిగి ఆన్ చేస్తే నల్ల తెర మీద ఏందో ఇంగ్లీషు, ఆగిపోయింది. పాపకు ఫోటో తీసి పంపితే, "నాయనా, లిబ్‌సీ మారతా ఉండగా ఆగిపోయింది" అనింది.

లిబ్‌సీ అంటే ఏందో చెప్తా, ఎందుకంటే ఈ కథలో అదే పునాది. లైనక్స్‌లో ఏ చిన్న పని చేయాలన్నా ఒక చిన్న ప్రోగ్రాం ఉంటాది. ఫైళ్ళ పేర్లు చూపేది ఒకటి, కాపీ చేసేది ఒకటి. ఇవన్నీ ఫైలు తెరవాలన్నా, తెర మీద ఒక అక్షరం రాయాలన్నా లిబ్‌సీ చేతులతోనే చేస్తాయి. అది సగం మారి సగం మారకపోతే ఏదీ కదలదు. పేర్లు చూపే ప్రోగ్రాం కూడా లేవదు. ఊరికంతా ఒకటే ట్రాన్స్‌ఫార్మర్ ఉండి అది కాలిపోయినట్టు.

టౌనులో ఒక షాపు వాళ్ళకు చూపిస్తే "ఫార్మాట్ కొట్టి విండోస్ ఏస్తాం, పాత ఫైళ్ళు గ్యారంటీ లేదు" అన్నారు. తిరిగి ఇంటికి తెచ్చేసినా. శనివారం పొద్దున బస్సులో వచ్చే మా ఊరి పిల్లోడి చేత పాప ఒక పెన్‌డ్రైవ్ పంపింది. అందులో డెబియన్ లైవ్ ఉండాది. అంటే డిస్కు ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్ నుంచే లేచే లైనక్స్. దాంతో లేపి చూస్తే నా ఫైళ్ళన్నీ పదిలంగా ఉండాయి. బోరు లెక్క ఇంకొక పెన్‌డ్రైవ్‌కు ఎక్కించుకొన్నా. పది నిమిషాల పని.

ఇక్కడ నిజం చెప్పాల. ఫైలు చేతికొచ్చింది శనివారం. ఆదివారం మా అన్న కొడుకు వస్తే, "కంప్యూటర్ రిపేరులో ఉండాదిరా, నాలుగు రోజులు ఆగు" అని చెప్పినా. రిపేరులో ఉండేది నిజమే. ఫైలు నా జోబీలో ఉండేది కూడా నిజమే. ఎందుకట్ల చెప్పినానంటే, శనివారం రాత్రి ఆ ఫైలు తెరిచి మొదటి వరస చదివినా. అది ముందుకు చెప్తా.

పాప అనింది, "పాతది బాగుచేసేది తరవాత చూద్దాం. ముందర విండోస్ ఉండిన గడి ఖాళీగా ఉండాది గదా, దాంట్లో కొత్తది పెట్టుకో. ఇన్‌స్టాలర్‌తో అయితే అరగంట." నాకు ఇన్‌స్టాలర్ అంటే భయం. డిస్కు గురించి అది అడిగే ప్రశ్నకు ఒక్కటి తప్పు చెప్తే పక్క గడి కూడా తుడిచేస్తాది. చేత్తో చేసే దావ లేదా అని అడిగినా. "ఉండాది, డెబూట్‌స్ట్రాప్ అని ఒక ప్రోగ్రాం ఉండాది. అది చేసే పనే ఒక్కొక్కటిగా నువ్వు చేత్తో చేయొచ్చు. నాలుగు రోజులు పడతాది, పిచ్చిపని నాయనా" అనింది. నాలుగు రోజులు అనే మాట నాకు బాగా నచ్చింది. ఎందుకు నచ్చిందో మీకు తెలిసే ఉంటాది.

బూట్‌స్ట్రాప్ అంటే బూటుకు వెనక ఉండే వారు. ఆ వారు పట్టుకొని తనను తానే పైకి ఎత్తుకోవడం అని ఇంగ్లీషోళ్ళ ఎగతాళి. మనకు బూట్లు ఎందుకు, బావి మీద మోటరు ఉండిన రోజులు గుర్తు తెచ్చుకోండి. మోటరు నీళ్ళు లాగాలంటే ముందు దాని నోట్లో రెండు బిందెలు నీళ్ళు పోయాల. నీళ్ళ కోసం మోటరు, మోటరు కోసం నీళ్ళు. ఫుట్‌వాల్వ్ కారిందంటే పొద్దున్నే బిందె పట్టుకొని పరుగు. పెరుగు కూడా అంతే, తోడు లేకుంటే పాలు తోడుకోవు, తోడు కావాలంటే పెరుగే కావాల. పక్కింటికి పోయి అడుక్కొచ్చేది. నాకు ఇప్పుడు పక్కిల్లు ఆ పెన్‌డ్రైవ్ లైనక్స్.

డెబియన్‌లో ఏ సామాను అయినా డెబ్ ఫైలుగా వస్తాది. దాన్ని తెరిచి, లోపల ఉండేవి వాటి వాటి చోట్ల పెట్టి, రిజిస్టరులో రాసేది డీపీకేజీ అనే ప్రోగ్రాం. 1994 నుంచీ ఉండాది. మనం రోజూ వాడే ఆప్ట్ అనేది మేస్త్రి లాంటిది, ఏది ఏది కావాలో లెక్కేసి, నెట్ నుంచి తెప్పించి, వరసలో అందిస్తాది. డీపీకేజీ గోడ కట్టే మనిషి. ఇటుక చేతికిస్తే పెడతాది. సిమెంటు లేదంటే లేదని చెప్పి ఆగిపోతాది, తెచ్చిపెట్టదు.

అయితే డీపీకేజీ కూడా ఒక డెబ్ ఫైలే గదా. ఏమీ లేని చోట మొదటి డీపీకేజీని ఎవరు పెట్టాల?

మొదటి రాత్రి ఖాళీ గడిని సాపు చేసి, ఫోన్ హాట్‌స్పాట్‌తో డెబ్ ఫైళ్ళు దించినా. తప్పనిసరిగా కావాల్సినవి మాత్రమే అయితే నూటికి లోపలే, చిన్నవే. డెబ్ ఫైలును విప్పి చూస్తే ఏ మాయా లేదు. మూడే ముక్కలు. ఒకటి "2.0" అని రాసి ఉండే చీటీ. రెండోది సామాను వివరం, దానికి ఇంకేమి తోడు కావాల అనే జాబితా, పెట్టేటప్పుడు నడపాల్సిన చిన్న స్క్రిప్టులు. మూడోది అసలు సామాను. ఎరువు మూటకు కుట్టిన చీటీ, మూట, అంతే.

పాప చెప్పినట్టు ముందు బిన్, ఎస్‌బిన్, లిబ్, లిబ్64 అనే నాలుగు పేర్లను యూఎస్‌ఆర్ అనే ఫోల్డర్ లోపలికి మళ్ళించినా. ముందే కాలవ మళ్ళించకుంటే తరవాత నీళ్ళు రెండు దావల్లో పారి తంటా. ఆ మీద నేను తెలివి చూపిచ్చి, మనిషి ఇచ్చే ఆదేశాలు వినేది బ్యాష్ అనే ప్రోగ్రాం గదా, ముందు అదే విప్పుదాం అని బ్యాష్, ఇంకా నాలుగు విప్పి, సీహెచ్‌రూట్ కొట్టినా. సీహెచ్‌రూట్ అంటే "ఇప్పటి నుంచి నీ ఇల్లు ఈ గడే, పక్కింటి సామాను వాడొద్దు" అని కంప్యూటర్‌కు చెప్పడం.

బిన్‌లో బ్యాష్ అనే ఫైలే లేదు పొమ్మనింది.

ఫైలు నా కళ్ళ ముందర ఉండాది. పేరు ఉండాది, సైజు ఉండాది. అది మాత్రం లేదంటాది. మూడు మాట్లు చేసినా. రాత్రి పదకొండు దాటినాక పాపకు ఫోన్ చేస్తే నవ్వింది. లేనిది బ్యాష్ కాదంట. బ్యాష్‌ను మెమరీలోకి ఎత్తి లేపే లోడర్ అని ఒకటి ఉంటాది, అది లిబ్‌సీ మూటలో వస్తాది. అది లేకపోతే కంప్యూటర్ బ్యాష్ లేదని అబద్ధం చెప్తాది. లిబ్‌సీ విప్పినా. ఈ మాటు లిబ్‌టిన్‌ఫో లేదనింది. అది మాత్రం పేరుతో సహా చెప్పింది, సంతోషం. ముప్పై ఏండ్ల నుంచి వ్యవసాయం చేస్తా ఉండాను గాని, చెట్టు వాడితే ఆకును తిట్టే అలవాటు నాకు ఇంకా పోలా.

రెండో రాత్రి వరస పెట్టుకొని అన్నీ విప్పినా. ఈ విప్పడంలో ఏ స్క్రిప్టూ నడవదు, రిజిస్టరులో ఏమీ ఎక్కదు. ఒట్టిగా మూటలు విప్పి సామాను చోట్ల పెట్టడమే. సీహెచ్‌రూట్ కొడితే ఈ తూరి తలుపు తెరుచుకొనింది. నల్ల తెర మీద ఒక హ్యాష్ గుర్తు, దాని పక్కన కొట్టుకొనే గీత. మా ఆమె వచ్చి చూసి "దీనికేనా రెండు రాత్రులు" అనింది. ఆ హ్యాష్ గుర్తు ఎంత గొప్పదో ఆమెకు చెప్పేకి నాకు మాటలు రాలా. 900 అడుగుల దాకా దుమ్మే వచ్చి, ఇంక లేదనుకొన్నప్పుడు తడి మట్టి వస్తాదే, అట్లాంటిది.

మూడో రాత్రి. ఇదే నేను చెప్పాలనుకొన్నది.

సామాను అంతా ఇంట్లో ఉండాది, రిజిస్టరు మాత్రం తెల్లగా ఉండాది. డీపీకేజీకి ఒక రిజిస్టరు ఉంటాది, స్టేటస్ అనే మామూలు ఫైలు. ప్రతి సామానుకూ ఒక పద్దు. పేరు, వెర్షన్, దాని స్థితి. విప్పినాము గాని అమర్చలా అయితే ఒక మాట, సగం అమర్చి ఆగిపోతే ఒక మాట, అంతా సరిగ్గా అయితే "ఇన్‌స్టాల్ ఓకే ఇన్‌స్టాల్డ్" అని. ఇప్పుడు డీపీకేజీ తనను తానే అమర్చుకోవాల. కానీ రిజిస్టరు ప్రకారం ఈ ఇంట్లో డీపీకేజీనే లేదు. లేని మనిషి వచ్చి తాను వచ్చినట్టు ఎట్ల సంతకం పెడతాడు?

డెబూట్‌స్ట్రాప్ రాసినోళ్ళు దీనికి ఏమి చేసినారో పాప ఆ స్క్రిప్టు తెరిచి చదివి చెప్పింది. నాలుగు లైన్లు చేత్తో రిజిస్టరులో రాసేస్తారు. ప్యాకేజీ: డీపీకేజీ. వెర్షన్: ఫలానా. మెయింటైనర్: తెలియదు. స్టేటస్: ఇన్‌స్టాల్ ఓకే ఇన్‌స్టాల్డ్.

"అమర్చలేదు గదా ఇంకా" అన్నా.

"అవును నాయనా. దాని పేరే ఫెయిన్ ఇన్‌స్టాల్. అంటే అమర్చినట్టు నటించడం. మొదటి పద్దు అబద్ధం. ఆ అబద్ధం మీద బేస్-పాస్‌వర్డ్, బేస్-ఫైల్స్ పెడతారు. ఆ వెంటనే డీపీకేజీనే నిజంగా ఇన్‌స్టాల్ చేస్తారు. అప్పుడు ఆ పద్దు మీదికి నిజమైన పద్దు వస్తాది."

నేను చానాసేపు ఏమీ మాట్లాడలా. కరెంటు పోయిందేమో అని పాప హలో హలో అనింది.

మా బోరు లెక్కలో మొదటి వరస ఇది. 2013లో బోరు వేసినప్పుడు మొత్తం ఖర్చు 1,60,000. మనిషికి 40,000. మా అన్న దగ్గర ఆ రోజు 12,000 మాత్రమే ఉండె. చిన్నాయన పెద్ద కొడుకు ముందే చెప్పినాడు, నలుగురూ పూర్తిగా పెడితేనే బోరు, లేకుంటే తాము ఇద్దరమే వేరే వేసుకొంటాం అని. బండి వచ్చి చేను గట్టు మీద నిలబడి ఉండాది. నేను మా ఆమె గొలుసు బ్యాంకులో పెట్టి 28,000 తెచ్చి, లెక్కలో "అన్న వాటా 40,000 ముట్టింది" అని రాసినా. ఆ రోజు అట్ల రాయకుంటే బోరు లేదు. ఈ రోజు నాలుగు కుటుంబాలు ఆ నీళ్ళతోనే బతకతా ఉండాయి. కాబట్టి రాసింది తప్పని నేను ఇప్పుడు కూడా అనుకోను.

తప్పు ఆ తరవాతది. మా అన్న ఆ దుడ్డు కొంచెం కొంచెంగా తీర్చినాడు. ఒక ఏడు చెనక్కాయలు రెండు మూటలు, ఒక ఏడు దూడ, ఒకసారి చేతికి 5,000. లెక్కలో పూర్తిగా ముట్టినట్టు ఉండాది గదా, ఇంక దాన్ని యాడ రాయాల? మా ఆమె క్యాలెండర్ వెనక రాసుకొనింది. కూడితే 21,500. ఇంకా 6,500 ఉండంగానే ఆయన పోయినాడు. నేను ఆ వరస దగ్గరికి ఎనిమిదేండ్లు వెనక్కి తిరిగి పోలా. నటించిన పద్దు నటించినట్టే ఉండిపోయింది.

పాపకు ఇదంతా ఆ రాత్రే చెప్పినా. "ముందు డీపీకేజీ ఇన్‌స్టాల్ చెయ్యి నాయనా" అని మాత్రం అనింది.

చేసినా. వరస ఇట్ల ఉంటాది, మీలో ఎవరన్నా చేయాలనుకొంటే రాసుకోండి. నటించిన పద్దు, దాని మీద బేస్-పాస్‌వర్డ్, బేస్-ఫైల్స్, నిజం డీపీకేజీ, లిబ్‌సీ6, పెర్ల్-బేస్, మాక్. ఇది లేదు, అది లేదు అని తగవు పెట్టుకోకుండా ఫోర్స్-డిపెండ్స్ అనే మాట చేర్చాల. కొత్త కాపురంలో ఏది ముందు ఏది వెనక అని పట్టుబడితే పొయ్యి వెలగదు. ఇవి కుదురుకొన్నాక మిగిలినవన్నీ ఒకేసారి అన్‌ప్యాక్, ఆ మీద కాన్ఫిగర్. తెర మీద సెట్టింగ్ అప్ ఫలానా, సెట్టింగ్ అప్ ఫలానా అని వరసగా పోతా ఉంటే జొన్న కంకులు రాలినట్టు చూస్తా కూర్చొన్నా. చివర ఆడిట్ అనే ఆదేశం ఇస్తే ఏమీ చెప్పలా. లైనక్స్‌లో ఏమీ చెప్పకపోతే బాగున్నట్టు. మా ఇంట్లో దానికి విరుద్ధం.

రిజిస్టరు తెరిచి చూసినా. డీపీకేజీ పద్దులో మెయింటైనర్ తెలియదు అని ఉండినచోట ఇప్పుడు పేరు, చిరునామా, వివరం అన్నీ వచ్చినాయి. పాత నాలుగు లైన్లు యాడా లేవు.

నాలుగో రాత్రి గురించి ఎక్కువ చెప్పను. కర్నల్, అంటే అసలు లైనక్స్, 1991లో లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ముక్క, అది పెట్టినా. అది పెట్టే ముందు ప్రాక్, సిస్, డెవ్ అనే మూడు ఫోల్డర్లను పక్కింటి నుంచి కలపాల, మరిచిపోవద్దండి. గ్రబ్ పెట్టినా, ఏ గడి యాడ తగిలించాలో చెప్పే చిన్న ఫైలు రాసినా. పెన్‌డ్రైవ్ పీకి ఆన్ చేస్తే సొంతంగా లేచింది. పేరు అడిగింది, రూట్ అని కొట్టినా. పాస్‌వర్డ్ అడిగింది. నేను పాస్‌వర్డే పెట్టలా! ఇల్లంతా కట్టి, తాళంచెవి లోపల పెట్టి బయటికి వచ్చినట్టు. మళ్ళీ పెన్‌డ్రైవ్, మళ్ళీ సీహెచ్‌రూట్, పాస్‌వర్డ్ పెట్టి పడుకొనే పాటికి రెండు.

ఆ తరవాతి పని ఆప్ట్ మేస్త్రి చూసుకొన్నాడు. చిన్న డెస్క్‌టాపు, లెక్కల కోసం లిబ్రె ఆఫీసు, తెలుగు ఫాంట్లు. తెలుగువిజయం అనే ప్యాకేజీలో ధూర్జటి అని ఒక ఫాంట్ ఉండాది. మన కాళహస్తి ధూర్జటి పేరే. లెక్క ఆ అక్షరాల్లోనే పెట్టినా. రెండు జీబీ ర్యామ్ పాత డబ్బా, అక్కరలేనిది ఒక్కటీ లేదు కాబట్టి ఇప్పుడు ముందుకన్నా బిన్నా లేస్తాది.

లెక్కలో మొదటి వరస నేను చెరిపేయలా. డీపీకేజీ అయితే చెరిపేసి మీద రాసుకొనింది గాని, మనుషుల లెక్కలో అట్ల చేస్తే ఇంకొక అబద్ధమైతాది. దాని కింద ఈ నెల తేదీ వేసి, అసలు ముట్టింది 12,000, నేను వేసింది 28,000, అన్న తీర్చింది 21,500, బాకీ 6,500 అని రాసి, టౌనులో ప్రింటు తీయించుకొని, పోయిన ఆదివారం బోరు షెడ్డు దగ్గర నలుగురి ముందర చదివినా.

మా అన్న కొడుకు తల వంచుకొని విన్నాడు. "చిన్నాయనా, మా నాయన నాకు చెప్పలేదే" అన్నాడు. నీకే కాదురా, ఎవురికీ చెప్పలా అన్నా. పైరు అమ్మినాక 6,500 ఇస్తానన్నాడు. నాకు అది అక్కరలేదు అని నోటిదాకా వచ్చింది, ఆపుకొన్నా. వద్దంటే మళ్ళీ ఒక నటన పద్దు.

చిన్నాయన పెద్ద కొడుకు మాత్రం లేచి నిలబడినాడు. "అన్నా, ఆ రోజు నాకు తెలిసి ఉంటే నేను బోరు వేసుండను. అది పోనీ. మొదటి వరసే ఇట్లుంటే తక్కిన వరసలు ఎట్ల నమ్మాల?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. డీపీకేజీకి వెరిఫై అని ఒక ఆదేశం ఉండాది, పెట్టిన ప్రతి ఫైలునూ అసలుతో పోల్చి చూస్తాది. నా దగ్గర ఉండేది వైండింగు షాపు బిల్లులు, పైపుల బిల్లులు, కూలోళ్ళ చీటీలు పెట్టిన యూరియా సంచి. దాన్ని తెచ్చి ఆయన చేతికిచ్చినా. ఇంటికి తీసుకొని పోయినాడు.

సంచి ఇంకా తిరిగి రాలా. నిన్న గట్టు మీద ఎదురుపడితే 2017లో స్టార్టరు బిల్లు కనపడలేదన్నాడు. అది మా ఆమె డబ్బాలో ఉండాదేమో చూడాల. రేపు పొద్దున నీళ్ళు నా వంతు, మడవ కట్టినాక వెతుకుతా.